రాయబారి గోడ, ఊరివాళ్ళ వీధి

దూతను చంపడం రాజధర్మం కాదని విభీషణుడు నిండు కొలువులో చెప్పాడు. అన్నగారు ఆ మాట సగమే విన్నారు. ప్రాణం తీయకుండా తోకకు నిప్పు పెట్టించారు. తరవాతి కథ మనందరికీ తెలిసిందే. నిప్పు పెట్టమన్నది రావణుడు, పెట్టింది భటులు, కాలింది లంకానగరం. ఆ పూట ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న సామాన్య లంకావాసి ఎవడైనా కొలువుకు వచ్చి, "రాజుగారికీ దూతగారికీ తగాదా వస్తే నా ఇల్లేం చేసిందండీ?" అని అడిగి ఉంటే జవాబు చెప్పేవారు ఉండేవారు కాదు.

ఆ ప్రశ్నకు వయసు మీరిందే గాని జవాబు ఇప్పటికీ సరిగా దొరకలేదు. ఈనాటి దూత ఒంటరిగా రాడు. ఎత్తయిన ప్రహరీ, గేటు ముందు కాంక్రీటు దిమ్మెలు, ఇనుప స్తంభాలు, కెమేరాలు, తుపాకులు పట్టుకున్న కానిస్టేబుళ్ళు, ఇదంతా అతనితోపాటు ఊళ్ళోకి దిగుతుంది.

మన కళాశాలలో ఎంబసీ అన్న మాట వెంట వినబడేది వీసా. ఆ విషయం నాకంటే బాగా తెలిసినవాళ్ళు ప్రతి హాస్టల్ గదిలోనూ ఉన్నారు గనుక నేను దాని జోలికి పోను. రాజనీతిశాస్త్ర విద్యార్థిగా నాకు కలిగిన సందేహం వేరు. అంతర్జాతీయ న్యాయానికి సంబంధించిన పాఠ్యగ్రంథాల్లో గోడ లోపలివాళ్ళ రక్షణ గురించి అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి. గోడ బయట ఇళ్ళున్నవాళ్ళు, కొట్లున్నవాళ్ళు, ఆ రోడ్డున కాలేజీకి పోయేవాళ్ళు ఏమవుతారని వెతికితే ఒక్క పేరా దొరకడం కష్టం. ఈ వ్యాసం వాళ్ళ గురించి.

అది ఎవరి గడ్డ?

మొన్నామధ్య మా హాస్టల్ మెస్సులో వాదన వచ్చింది. "ఎంబసీ గేటు దాటావంటే అది అమెరికా గడ్డేరా. మన చట్టం అక్కడ చెల్లదు" అన్నాడు ఒక మిత్రుడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలూపారు. సినిమాలు చూసి మనలో చాలామంది అలాగే అనుకుంటాం. కాని అది నిజం కాదు.

దౌత్య సంబంధాలపై వియన్నా ఒప్పందం 1961 ఏప్రిల్ 18న కుదిరి, 1964లో అమలులోకి వచ్చింది. మన దేశం 1965లో అందులో చేరింది. దానికి చట్టబలం ఇస్తూ మన పార్లమెంటు 1972లో ఒక చట్టం చేసింది. ఈ ఒప్పందంలోని 22వ అధికరణం ముఖ్యంగా రెండు సంగతులు చెబుతుంది. రాయబార కార్యాలయ ఆవరణలోకి దాని అధిపతి అనుమతి లేకుండా ఆతిథ్య దేశపు పోలీసులు సైతం అడుగు పెట్టరాదన్నది మొదటిది. ఆ ఆవరణలోకి ఎవరూ చొరబడకుండా, దానికి నష్టం జరగకుండా, దాని ప్రశాంతతకూ గౌరవానికీ భంగం రాకుండా తగిన చర్యలన్నీ తీసుకోవలసిన ప్రత్యేక బాధ్యత ఆతిథ్య దేశానిదేనన్నది రెండవది.

అంటే నేల మనదే. మన చట్టం అక్కడా వర్తిస్తుంది. దౌత్యవేత్తలు ఆతిథ్య దేశపు చట్టాలను గౌరవించాలని 41వ అధికరణం స్పష్టంగా చెబుతోంది. కాకపోతే ఆ చట్టాన్ని అమలుచేయడానికి మన పోలీసు చెప్పాపెట్టకుండా లోపలికి పోలేడు. అద్దెకిచ్చిన ఇంట్లోకి యజమాని అయినా తలుపు కొట్టకుండా పోకూడదు కదా, కొంచెం అలాంటిదే ఇది.

మనకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. ఆ ప్రత్యేక హక్కు ప్రహరీ దగ్గర ఆగిపోతుంది. ప్రహరీ బయటి కాలిబాట, రోడ్డు, రోడ్డవతలి చెట్టు, చెట్టుకింది టీకొట్టు, ఇవన్నీ పూర్తిగా ఊరివి. ఆతిథ్య ప్రభుత్వం ఒప్పుకోకుండా ఏ రాయబారీ అక్కడ ఒక రాయి పాతలేడు. కాబట్టి రోడ్డుకు అడ్డంగా బారికేడ్ కనబడితే దాన్ని పెట్టింది, లేదా పెట్టనిచ్చింది, ఆ ఊరి ప్రభుత్వమే. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఊరి రోడ్డును సర్కారు దానం చేస్తుంది. రాయబారిని తిట్టి లాభం లేదు. అడగవలసింది మనవాళ్ళనే.

దూరమే కవచం

ఇంతకీ రోడ్డు ఎందుకు మూస్తారు? గోడ ఎంత లావుగా కట్టినా చాలదా?

చాలదు. పేలుడు ధాటికి అసలైన మందు దూరం. ఫిజిక్స్ మిత్రులకు ఈ సూత్రం తెలిసే ఉంటుంది. గోడకూ బాంబుకూ మధ్య దూరం రెట్టింపు చేశామనుకోండి, ఆ గోడ మీద మునుపటంత పీడనమే పడాలంటే పేలుడు పదార్థం రెండు రెట్లు ఉంటే సరిపోదు, ఎనిమిది రెట్లు కావాలి. దూరం మూడు రెట్లయితే ఇరవై ఏడు రెట్లు. అంత సరుకు మోయాలంటే కారు చాలదు, లారీ కావాలి. లారీని ఆపడం కారును ఆపడం కంటే తేలిక. అందుకే భద్రతా నిపుణులు అడుగడుగుకూ ప్రాణం పెడతారు. గోడకు కాంక్రీటు కలపడం వాళ్ళ దృష్టిలో రెండో పని.

అయితే ఆ దూరం ఎక్కడినుంచి రావాలి? విశాలమైన స్థలం ఉంటే భవనాన్ని నడిమధ్యన కట్టుకుని చుట్టూ తోట వేసుకోవచ్చు. ఊరి నడిబొడ్డున, రోడ్డును ఆనుకుని భవనం ఉంటే? సొంత స్థలంలో దొరకని దూరాన్ని వీధిలోంచి తీసుకోవలసి వస్తుంది. మొదట పార్కింగ్ తీసేస్తారు. తరవాత కాలిబాట మీద దిమ్మెలు పెడతారు. పూలకుండీల్లా కనబడే ఆ పెద్ద పెద్ద తొట్లు కూడా లారీలను ఆపడానికి పెట్టినవే. ఆ తరవాత రోడ్డులో సగం, చివరికి రోడ్డంతా పోతుంది. ఇదంతా తాత్కాలికమనే మొదలవుతుంది. తాత్కాలిక దిమ్మెల మీద నాచు పట్టిన ఊళ్ళు ప్రపంచంలో చాలా ఉన్నాయి.

తలుపులు మూసుకున్న కాలం

మొదటినుంచీ ఇలా లేదు. రెండవ ప్రపంచయుద్ధం తరవాత అమెరికా తన రాయబార కార్యాలయాలను పేరుమోసిన వాస్తుశిల్పుల చేత కట్టించింది. న్యూఢిల్లీ చాణక్యపురిలో ఎడ్వర్డ్ డ్యూరెల్ స్టోన్ రూపొందించిన జాలీగోడల భవనం 1959లో ప్రారంభమైంది. లండన్ గ్రోవ్‌నర్ స్క్వేర్‌లో ఈరో సారినెన్ రూపొందించిన భవనం 1960లో తెరిచారు. రండి, చూడండి, మా లైబ్రరీలో చదువుకోండి అని పిలిచే భవనాలుగా వాటిని ఉద్దేశించారు.

1979 నవంబరు 4న టెహ్రాన్‌లో విద్యార్థులు అమెరికా ఎంబసీ గోడలెక్కారు. 52 మంది 444 రోజులు బందీలుగా ఉన్నారు. రాయబార కార్యాలయాన్ని కాపాడవలసిన బాధ్యతను ఇరాన్ ప్రభుత్వం ఉల్లంఘించిందని అంతర్జాతీయ న్యాయస్థానం 1980 మే 24న తీర్పు చెప్పింది. ఆ తీర్పు తరవాత ఏ ప్రభుత్వానికైనా రోడ్డు మూయడం సులువు, మూయకపోవడం కష్టం అయింది.

1983 ఏప్రిల్ 18న బేరూత్‌లో అమెరికా ఎంబసీ వాకిట్లో వ్యాను పేలి 63 మంది చనిపోయారు. దాని తరవాత అడ్మిరల్ ఇన్మన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1985లో నివేదిక ఇచ్చింది. కొత్త భవనాలకూ రోడ్డుకూ మధ్య కనీసం 100 అడుగులు, అంటే సుమారు 30 మీటర్లు, ఉండాలన్న కొలత అప్పటినుంచే వాడుకలోకి వచ్చింది. సూచన మంచిదే. కాని డబ్బు కావాలి, స్థలం కావాలి, తీరిక కావాలి. చాలా ఊళ్ళలో పాత భవనాలు పాతచోటే ఉండిపోయాయి. అలా ఉండిపోయిన వాటిలో నైరోబీ ఒకటి.

నైరోబీ కిటికీలు

కెన్యా రాజధాని నైరోబీలో అమెరికా ఎంబసీ నగరం నడిమధ్యన, మోయ్ అవెన్యూ, హైలీ సెలాసీ అవెన్యూ కలిసే మూలమీద ఉండేది. రైల్వే స్టేషన్ దగ్గరే. పక్కనే ఊఫుండి హౌస్ అనే భవనం, వెనక సహకార బ్యాంకు ఎత్తయిన మేడ. రోడ్డుకూ ఎంబసీకీ మధ్య ఉండవలసిన 100 అడుగులు అక్కడ లేవు. ఈ చోటు క్షేమం కాదు, మార్చమని అప్పటి రాయబారి ప్రూడెన్స్ బుష్నెల్ వాషింగ్టన్‌కు రాశారు కూడా.

1998 ఆగస్టు 7 ఉదయం ఒక లారీ వెనక గేటు దగ్గరికి వచ్చింది. కాపలాదారు గేటు తీయలేదు. ముందు కాల్పులూ చిన్న పేలుడూ వినబడ్డాయి. ఆ చప్పుడుకు చుట్టుపక్కల మేడల్లో పనిచేసుకుంటున్నవాళ్ళు, ఏం జరిగిందోనని కిటికీల దగ్గరికి వచ్చారు. ఎవరైనా వస్తారు. మనమైనా వస్తాం. అప్పుడు లారీ పేలింది.

ఎంబసీ దెబ్బతిన్నా నిలబడింది. పక్కనున్న ఊఫుండి హౌస్ కుప్పకూలింది. అందులో సెక్రటేరియల్ కాలేజీ ఒకటి ఉండేది. టైపూ షార్ట్‌హ్యాండూ నేర్చుకుని ఉద్యోగం సంపాదించుకోవాలని వచ్చిన, మన ఈడు పిల్లలు ఆ శిథిలాల కింద పడిపోయారు. రోడ్డు మీద పోతున్న బస్సు తగలబడింది. కిటికీల దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎందరో గాజుపెంకులు గుచ్చుకుని చూపు పోగొట్టుకున్నారు. నైరోబీలో 213 మంది చనిపోయారు. అదేరోజు టాంజానియాలోని దారెస్సలాంలో మరో 11 మంది. మొత్తం 224 మందిలో అమెరికన్లు 12 మంది. మిగిలినవాళ్ళు ఎంబసీలో పనిచేసే స్థానికులు, ఆ ఊరివాళ్ళు, ఆ దారిన పోయేవాళ్ళు. ఆబోతుల కొట్లాటలో లేగల కాళ్ళు విరిగాయన్న సామెతకు ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

దీని తరవాత 1999లో అమెరికా కాంగ్రెస్ 100 అడుగుల నియమాన్ని చట్టంలో పెట్టింది. నైరోబీ ఎంబసీ ఊరి మధ్యనుంచి గిగిరి అనే శివారుకు పోయింది. పాతచోట 2001లో స్మారక వనం వెలిసింది. అంటే నగరవాసులు కోరుకోదగిన పరిహారమే, దూరం, వచ్చింది. కాని ఆలస్యంగా, 213 మంది పోయాక వచ్చింది.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తికాదు. 2020లో అమెరికాకూ సూడాన్‌కూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఈ దాడులతో సహా మరికొన్ని దాడుల బాధితుల కోసం సూడాన్ 33.5 కోట్ల డాలర్లు చెల్లించింది. ఆ సొమ్ము అమెరికా పౌరులకూ, ఎంబసీ ఉద్యోగులకూ ఉద్దేశించింది. వీధిలో పోతూ చనిపోయిన మామూలు నైరోబీవాసి కుటుంబం దాని పరిధిలోకి రాలేదు. చావులో లేని గోడ, పరిహారంలో ఉంది.

మన గోడ, కాబూల్ వీధి

ఇదంతా అమెరికావాళ్ళ గొడవ, మనకెందుకు అనుకునేవాళ్ళు ఉండవచ్చు. వాళ్ళకోసం కాబూల్ సంగతి చెబుతాను. అక్కడ గోడ మనది.

2008 జూలై 7 ఉదయం కాబూల్‌లో భారత రాయబార కార్యాలయం గేటు దగ్గర పేలుడు పదార్థాలతో నిండిన కారు పేలింది. 58 మంది మరణించారు. మన దౌత్యవేత్త వి. వెంకటేశ్వరరావు, రక్షణ విభాగపు అధికారి బ్రిగేడియర్ రవి దత్ మెహతా, కాపలాలో ఉన్న ఇద్దరు ఐ.టి.బి.పి. జవాన్లు అందులో ఉన్నారు. ఆ పేర్లు మనం గుర్తుంచుకోవాలి. అయితే చనిపోయినవాళ్ళలో అత్యధికులు అఫ్ఘన్లు. మన దేశానికి రావడానికి వీసా కోసం వచ్చినవాళ్ళు, ఆ వీధిలో పనిమీద పోతున్నవాళ్ళు.

తరవాత ఎంబసీ రక్షణను బాగా బలపరిచారు. 2009 అక్టోబరు 8న మళ్ళీ దాడి జరిగింది. ఈసారి గోడ తన పని తాను చేసింది. లోపలున్న మన ఉద్యోగులెవరూ చనిపోలేదు. అది మనకు ఊరట. కాని వీధిలో 17 మంది చనిపోయారు.

ఈ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పదలచుకున్నది తేటపడుతుంది. గోడ లేకపోతే లోపలివాళ్ళూ పోయేవాళ్ళు, కాబట్టి గోడ అక్కర్లేదని బుద్ధి ఉన్నవాడెవడూ అనడు. కాని గోడ ప్రమాదాన్ని మాయం చేయదు, బయటికి నెడుతుంది. 2017 మే 31న కాబూల్‌లోనే, జర్మనీ ఎంబసీకి చేరువలో, పొద్దున్నే జనం ఆఫీసులకు పోయే వేళకు ట్యాంకరు లారీ పేలి 150 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో అత్యధికులు ఆ ఊరి పౌరులే. చెక్‌పోస్టు దగ్గర ప్రమాదం ఆగిందంటే, ఆ చెక్‌పోస్టు దగ్గర ఎవరో ఉన్నారనే అర్థం. కొలకత్తాలో 2002 జనవరి 22న అమెరికన్ సెంటర్ మీద కాల్పులు జరిగినప్పుడూ ప్రాణాలు పోగొట్టుకున్నది వాకిట్లో కాపలా కాస్తున్న మన కానిస్టేబుళ్ళే.

లండన్‌లో ఇరుగుపొరుగు

బాంబు పేలకముందే నోరు విప్పిన పొరుగువాళ్ళ కథ లండన్‌లో ఉంది. గ్రోవ్‌నర్ స్క్వేర్ ధనవంతుల పేట. 2001 సెప్టెంబరు 11 తరవాత అక్కడి అమెరికా ఎంబసీ చుట్టూ కాంక్రీటు దిమ్మెలు, కంచెలు వచ్చాయి, వాహనాలకు కొన్ని దారులు మూసుకుపోయాయి. అక్కడి నివాసులు సంఘంగా ఏర్పడి 2006లో పత్రికల్లో ప్రకటనలు వేయించారు. తమ క్షేమాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదన్నది వాళ్ళ ఫిర్యాదు. ఎంబసీకి అడ్డుగా పెట్టిన దిమ్మె తన ఇంటి గుమ్మానికి దగ్గరగా ఉంటే, ఆ ఇంటివాడికి అది కవచంగా కనబడదు, గురిగా కనబడుతుంది.

ఎంబసీ వెళ్ళిపోతున్నట్టు 2008లో ప్రకటించారు. థేమ్స్ నదికి దక్షిణాన నైన్ ఎల్మ్స్‌లో కొత్త భవనం 2018 జనవరిలో తెరుచుకుంది. చుట్టూ తోట, ఒకపక్క అర్ధచంద్రాకారంలో చెరువు. చూడ్డానికి ఉద్యానవనం, పనిలో అగడ్త. మన గోల్కొండ కోట కట్టినవాళ్ళకు ఇందులో కొత్తదనం ఏమీ కనబడదు.

ఆ పేటవాళ్ళు డబ్బున్నవాళ్ళు గనుక పత్రికల్లో ప్రకటన వేయించగలిగారు. నైరోబీలో టైపు నేర్చుకునే పిల్లలు వేయించలేరు. ఈ తేడా మనం మరవకూడదు.

ప్రమాదం గోడ లోపలినుంచీ రావచ్చునని కూడా లండన్ చూసింది. 1984 ఏప్రిల్ 17న సెంట్ జేమ్స్ స్క్వేర్‌లోని లిబియా ఎంబసీ ముందు ప్రదర్శన జరుగుతుంటే లోపలినుంచి కాల్పులు జరిపారు. బందోబస్తులో ఉన్న యువ పోలీసు ఉద్యోగిని ఇవాన్ ఫ్లెచర్ చనిపోయింది. పోలీసులు 11 రోజులు భవనాన్ని ముట్టడించారు గాని లోపలికి పోలేదు. లోపలివాళ్ళను దేశంనుంచి పంపేశారు. ఈ అనుభవం తరవాత 1987లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. దుర్వినియోగమైన భవనానికి దౌత్య హోదా తీసివేసే అధికారాన్ని ప్రభుత్వం తన చేతిలో ఉంచుకుంది.

ఢిల్లీ బారికేడ్ల భాష

ఢిల్లీ సంగతి కొంచెం మేలు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే రాయబార కార్యాలయాలకోసం చాణక్యపురి అనే పేటను విడిగా వేశారు. శాంతిపథ్ విశాలమైన రోడ్డు, ఒక్కొక్క ఎంబసీకి ఎకరాల స్థలం. ఇరుకు బజారులో ఎంబసీ ఉండే బెడద చాలావరకు తప్పింది. ముందుచూపుతో స్థలం కేటాయిస్తే తరవాత వీధిని బలిపెట్టనక్కర్లేదన్న పాఠానికి చాణక్యపురి మంచి ఉదాహరణ.

అక్కడా బారికేడ్లు వచ్చాయి. అవి ఎవరి చేతిలో ఉన్నాయో 2013లో అందరికీ తెలిసింది. ఆ డిసెంబరు 12న న్యూయార్కులో మన డిప్యూటీ కాన్సల్ జనరల్ దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేశారు. 17వ తేదీన ఢిల్లీ పోలీసులు క్రేన్లతో, బుల్‌డోజర్లతో వచ్చి అమెరికా ఎంబసీ పక్కనున్న న్యాయమార్గ్‌లో బారికేడ్లు లాగేశారు. మళ్ళీ 2023 మార్చి 19న లండన్‌లో మన హైకమిషన్ మీద దౌర్జన్యం జరిగితే, 22న ఢిల్లీలో బ్రిటిష్ హైకమిషన్ ముందు బారికేడ్లు తీసేశారు. అదేరోజు లండన్‌లో మన కార్యాలయం ముందు బారికేడ్లు ప్రత్యక్షమయ్యాయి.

ఈ ముచ్చటకు చాలామంది చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. ఆ బారికేడ్లు భద్రతకు తప్పనిసరి అయితే కోపం వచ్చినప్పుడు తీయకూడదు. తప్పనిసరి కాకపోతే కోపం రాకముందే తీసి, జనానికి రోడ్డు ఇచ్చి ఉండవలసింది. రెండు ప్రభుత్వాలు మాట్లాడుకునే భాషలో మన రోడ్డు ఒక మాటగా మారడం ఆ రోడ్డున నడిచేవాడికి గౌరవం కాదు.

నోరు విప్పే హక్కు

రోడ్డుతో పాటు పోయేది ఇంకొకటి ఉంది. అది నిరసన తెలిపే చోటు. విదేశ ప్రభుత్వం చేసిన పని నచ్చకపోతే విద్యార్థులు నినాదాలు ఇవ్వడానికి పోయేది దాని ఎంబసీకే. ఎంబసీ గౌరవానికి భంగం రాకూడదని వియన్నా ఒప్పందం అంటోంది. గౌరవభంగం అంటే ఏమిటి? రాయి విసిరితే సరే, అట్టముక్క పట్టుకుంటే?

అమెరికాలోనే ఈ తగవు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఎంబసీకి 500 అడుగుల లోపల ఆ దేశాన్ని విమర్శించే అట్టలు పట్టుకోరాదని వాషింగ్టన్‌లో ఒక చట్టం ఉండేది. 1988లో బూస్ వర్సెస్ బారీ కేసులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. గుంపు వల్ల భద్రతకు ముప్పు ఉంటే చెదరగొట్టే అధికారాన్ని మాత్రం పోలీసులకు ఉంచింది. నా దృష్టిలో ఇది సరైన గీత. రాయబారి ప్రాణానికి రక్షణ ఉండాలి. అతని చెవులకు రక్షణ అక్కర్లేదు.

మన ఊరి సంగతి

హైదరాబాదుకు ఈ పాఠం కొత్తది కాదు. కోఠీలోని రెసిడెన్సీ భవనాన్ని మన లెక్చరర్లలో, పూర్వవిద్యార్థినులలో అక్కడ చదివినవారు బాగా ఎరుగుదురు. 1949 నుంచి అది మహిళా కళాశాల, ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. పందొమ్మిదవ శతాబ్దం మొదట్లో జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ కాలంలో అది నిజాం దర్బారులో ఉండే బ్రిటిష్ రెసిడెంటుకోసం కట్టిన భవనం. రెసిడెంటు మామూలు రాయబారి కాదు, నెత్తిన కూర్చున్న రాయబారి. అయినా అక్కడి కథ ఈ వ్యాసంలోదే. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో జనం రెసిడెన్సీ మీద దాడి చేశారు. ఆ తరవాత దాని గోడలను బలపరిచారు. కాలం గడిచింది. రెసిడెంటు పోయాడు. గోడ లోపల మన ఆడపిల్లలు చదువుకున్నారు. గోడ బయటి రోడ్డుకు తుర్రెబాజ్ ఖాన్ పేరు పెట్టారు.

అమెరికా కాన్సలేట్ 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చి 20న నానక్‌రాంగూడలోని సొంత భవనానికి మారింది. 12 ఎకరాలకు పైగా స్థలం, 34 కోట్ల డాలర్ల ఖర్చు. ఎందుకంత స్థలమని అడిగేవారికి నైరోబీయే జవాబు. దూరాన్ని వీధిలోంచి తీసుకోకుండా సొంత స్థలంలోనే ఏర్పరచుకోవడం ఊరికి మేలు. అయితే ఊరు ఊరుకోదు. నానక్‌రాంగూడ చుట్టూ మేడల మీద మేడలు లేస్తున్నాయి. నిన్నటి శివారు రేపటి నడిబొడ్డు. ఈ సంగతి ప్లాన్లు మంజూరుచేసే ఆఫీసులు ఇప్పుడే గుర్తుంచుకోవాలి.

మనం అడగవలసినవి

ఇంత చదివాక నాకు తోచిన నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను.

ఒకటి. మూసిన ప్రతి రోడ్డుకూ ఒక ఉత్తర్వు, ఒక గడువు ఉండాలి. ఎవరు మూయమన్నారు, ఏ చట్టం కింద, ఎన్నాళ్ళు? గడువు తీరాక పునరాలోచించాలి. అవసరం ఉంటే మళ్ళీ పొడిగించండి, ఎవరూ కాదనరు. అడిగేవాడు లేడని వదిలేయకండి.

రెండు. వాహనం ఆగినా మనిషి నడవాలి. అంబులెన్సూ ఫైరింజనూ పోవాలి. కారును ఆపే స్తంభాల మధ్యనుంచి మనిషి పోగలడు, చక్రాల కుర్చీ కూడా పోగలదు. అలా పెట్టడానికి ఖర్చు పెద్దగా పెరగదు, కాస్త ఆలోచన కావాలి.

మూడు. ఎంబసీ కిటికీలకు బలమైన అద్దాలు వేస్తారు. పక్క మేడ కిటికీల మాటేమిటి? ఆ పక్కనున్న బడికీ, కాలేజీకీ, ఆఫీసుకూ కూడా జాగ్రత్తలు నేర్పాలి. మిత్రులారా, ఈ వ్యాసంలో ఇంకేది మరచినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. వీధిలో కాల్పులో, పేలుడో వినబడితే కిటికీ దగ్గరికి పోవద్దు. కిటికీకి దూరంగా, లోపలి గోడ పక్కకు పోయి కింద కూర్చోండి. నైరోబీలో ఈ ఒక్క ముక్క ముందే తెలిసి ఉంటే ఎందరి కళ్ళో మిగిలేవి.

నాలుగు. పరిహారంలో గోడ ఉండకూడదు. లోపల పోయిన ప్రాణానికి ఎంతో, కాపలా కానిస్టేబులుకూ, దారినపోయే కూలీకీ అంతే. ఈ మాట అమెరికాకు చెప్పేముందు, కాబూల్‌లో మన గేటు దగ్గర వీసా కోసం వచ్చి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళను తలుచుకుని మనకు మనం చెప్పుకోవాలి.

రాయబారిని కాపాడటం మన ధర్మం. రేపు మనలో ఎవరో ఐ.ఎఫ్.ఎస్. రాసి, పరాయి ఊళ్ళో అలాంటి గోడ వెనక కూర్చోవచ్చు. ఆ రోజు ఆఫీసు కిటికీలోంచి చూస్తే కింద బారికేడ్ అవతల చుట్టుదారిన నడిచిపోతున్న పుస్తకాల సంచి పిల్లవాడు ఒకడు కనబడతాడు. వాడు ఎంత దూరం చుట్టి నడుస్తున్నాడో కనుక్కోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమని అనుకునే అధికారి మన కళాశాలనుంచి ఒక్కరు వెళ్ళినా చాలు.